ఆత్రేయపురం పూతరేకులకు ఆటోమేటిక్ మెయిళ్లు: ఏ షరతు ఎందుకు పెట్టాం – ఒక కేస్ స్టడీ

ఆత్రేయపురంలో తరాలుగా పూతరేకులు చేస్తున్న ఒక కుటుంబానికి ఈమెయిల్ ఆటోమేషన్ (మెయిళ్లు తమంతట తామే వెళ్లే ఏర్పాటు) కట్టి ఇచ్చిన పని గురించి ఇది. దుకాణం పేరు, అమ్మకాల అంకెలు రాయడం లేదు, అవి వారి సొంతం. ఏ షరతు (ఎవరికి ఏ మెయిల్ వెళ్లాలో తేల్చే నియమం) ఎందుకు పెట్టాం, ఏది తీసేశాం, ఏది పెట్టకుండా ఆగాం అన్నది మాత్రం దాచకుండా రాస్తాను. మన డెల్టా నుంచి సరుకు బయటికి పంపే చిన్న వ్యాపారాలు చాలా ఉన్నాయి. కాకినాడ కాజా, నరసాపురం లేసు, ఉప్పాడ చీర, కడియం మొక్క, ఏదైనా సరే, వాటికి మెయిళ్లు కట్టేవాళ్లకు ఈ వివరాలు పనికొస్తాయి.

మొదటి రోజే యజమాని అడిగారు: “వాట్సాప్ ఉండగా మెయిలెవరు చూస్తారండీ?” న్యాయమైన ప్రశ్నే. రావులపాలెం, రాజమండ్రి, కాకినాడ వైపు కొనేవాళ్లకు వాట్సాపే చాలు, వాళ్లను మెయిల్ వైపు లాగడానికి మేం ప్రయత్నించలేదు. కానీ వెబ్‌సైట్‌కి వచ్చే ఆర్డర్లలో పెద్ద భాగం విదేశాల్లో ఉన్న మనవాళ్లవి. రసీదు, కొరియర్ ట్రాకింగ్, కస్టమ్స్ కాగితం అన్నీ వాళ్లకు మెయిల్‌కే వెళ్తాయి. పార్సిల్ ఎక్కడుందో అని వాళ్లే వెతుక్కుని తెరుస్తారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక, అసలు ఊరి సరుకే కావాలని వెతుక్కుంటూ వచ్చే కొత్తవాళ్లూ కలిశారు. మెయిల్ పని చేయాల్సింది వీళ్ల కోసమే.

ముందున్న పరిస్థితి

మేం వెళ్లేసరికి అక్కడ ఒకే లిస్టు ఉంది. పండుగ వస్తే అందరికీ ఒకే మెయిల్. దానికి తోడు ఇంతకుముందు ఎవరో పెట్టి వదిలేసిన రెండు ఆటోమేషన్లు నడుస్తున్నాయి. ఒకటి, బుట్టలో సరుకు పెట్టి కొనకుండా వెళ్లినవారికి గంటలో గుర్తుచేసేది. రెండోది, ఆర్డరు పెట్టిన వారానికల్లా ‘మళ్లీ కొనండి’ అని అడిగేది. ఈ రెండోదానికి అమెరికా పార్సిల్ ఇంకా దారిలో ఉందో చేరిందో తెలియదు. సరుకు అందకముందే మళ్లీ కొనమని అడిగించుకున్నవాళ్లు ఊరికే ఉంటారా? జవాబులు వచ్చి ఇన్‌బాక్స్‌లో పడి ఉన్నాయి. వాటినెవరూ చదవలేదు.

ఆ జవాబులన్నీ చదవడంతోనే పని మొదలుపెట్టాం. ఆటోమేషన్ కట్టే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. మెయిళ్లు పంపే టూల్ తెరవకముందు పాత మెయిళ్లకు మనుషులు ఏం జవాబిచ్చారో చదవండి. ఏ షరతులు కావాలో వాళ్లే చెప్పి ఉంటారు.

షరతు ఎలా పని చేస్తుందో యజమానికి చెప్పడానికి నాకు అక్కడి లొల్ల లాకులు (కాలవ నీటిని గేట్లతో మళ్లించే చోటు) కలిసొచ్చాయి. నీరు ఒకటే, ఏ గేటు ఎత్తితే ఆ కాలవకు వెళ్తుంది. ఇక్కడా అంతే: మనిషి ఒక చోటికి వస్తాడు, ఒక ప్రశ్న ఎదురవుతుంది, ‘అవును’ అయితే ఒక దారి, ‘కాదు’ అయితే ఇంకో దారి. మెయిల్‌చింప్, బ్రెవో, జోహో క్యాంపెయిన్స్, క్లావియో, ఏది తీసుకున్నా ఈ మూలసూత్రం మారదు, బటన్ల పేర్లే మారతాయి. కాబట్టి ఏ టూల్‌లో కట్టామన్నది ఇక్కడ ముఖ్యం కాదు.

కొన్నవారు ఒకరు, తినేవారు ఒకరు

ఈ కేసు మొత్తానికి కీలకం ఇదే. డల్లాస్‌లో ఉన్న కొడుకు కొంటాడు, బాక్స్ కూకట్‌పల్లిలో ఉన్న అమ్మానాన్నలకు వెళ్తుంది. సింగపూర్‌లో ఉన్న అమ్మాయి బెంగళూరులో ఉన్న అత్తగారింటికి పంపుతుంది. ఇంకొందరు తమ ఇంటికే తెప్పించుకుంటారు. ఒకే మనిషి సంక్రాంతికి ఇండియాకు పంపి, దీపావళికి తన ఇంటికే తెప్పించుకోవడమూ ఉంది.

పాత సెటప్‌లో ‘దేశం’ అని ఒకే గడి ఉండేది, అందులో బిల్లింగ్ చిరునామా దేశం పడేది. దాంతో ఇండియాకు పంపేవారికి అమెరికా షిప్పింగ్ చార్జీల సంగతి వెళ్లేది. మేం దాన్ని రెండుగా విడగొట్టాం: కొన్నవారి దేశం, అందుకునే చిరునామా దేశం. ఏ ప్రశ్న ఏ గడిని అడగాలో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాం. మెయిల్ ఏ వేళకు వెళ్లాలి, ధర ఏ కరెన్సీలో చూపాలి అన్నవి కొన్నవారి దేశాన్ని బట్టి. ఏ రకాలు చూపాలి, ఏ తేదీలోపు ఆర్డరు పెట్టాలి, షిప్పింగ్ ఎంత అన్నవి అందుకునే చిరునామాను బట్టి.

వేళ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ కాదు. మన ఉదయం పది గంటలంటే న్యూయార్క్‌లో చలికాలంలో ముందురోజు రాత్రి పదకొండున్నర, వేసవిలో అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. పాత మెయిళ్లన్నీ ఆ వేళకే వెళ్లేవి. తెల్లారి లేచేసరికి అవి ఆఫీసు మెయిళ్ల కింద ఎక్కడో పడి ఉంటాయి.

సరుకు అందాక వెళ్లే మెయిల్‌లో ఈ విభజన ఎక్కువ అక్కరకొచ్చింది. పూతరేకు ఎంత సన్నమో తెలిసిందే. బోర్లించిన కుండ మీద పిండినీళ్ల గుడ్డతో ఒక్క లాగు లాగి తీసిన పొర అది. తేమ తగిలితే మెత్తబడుతుంది. పైగా బెల్లం తేమను లాక్కుంటుంది కాబట్టి బెల్లం పూతరేకులకు పంచదార వాటికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. అందుకని ఆ మెయిల్‌లో ఒక షరతు పెట్టాం: ఆర్డరులో బెల్లం రకం ఉంటే, గాలి తగలని డబ్బాలో పెట్టమన్న పేరా చేరుతుంది. అయితే ఆ మెయిల్ అందేది డల్లాస్‌లో ఉన్న కొడుక్కి, డబ్బా ఉన్నది అమ్మ దగ్గర! రెండు దేశాలూ వేరైతే మెయిల్ మాటే మారాలి. “బాక్స్ ఇవాళ ఇంటికి చేరింది. ఈ నాలుగు మాటలు అమ్మావాళ్లకు పంపండి” తరహాలో రాసి, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకునే లింకు ఇద్దామనుకున్నాం. చివరికి ‘అమ్మావాళ్లు’ అన్న మాట తీసేసి ‘ఇంట్లోవాళ్లు’ అని పెట్టాం. ఎందుకో కింద చెప్తాను.

షరతు మెయిల్ లోపలా, బయటా?

షరతులు రెండు చోట్ల పెట్టొచ్చు. ఒకే మెయిల్ లోపల పేరాలు మారేలా పెట్టడం ఒక పద్ధతి. దారినే రెండుగా చీల్చి వేర్వేరు మెయిళ్లు పంపడం ఇంకో పద్ధతి. కొత్తగా నేర్చుకున్నవాళ్లు రెండోదానివైపే మొగ్గుతారు, ఎందుకంటే తెర మీద కొమ్మలు చీలుతూ చూడ్డానికి బాగుంటుంది. కానీ నాలుగు అవును-కాదు ప్రశ్నలకు దారి చీలిస్తే పదహారు దారులవుతాయి, అయిదుకు ముప్ఫై రెండు. ధర మారితే ముప్ఫై రెండు మెయిళ్లలో ఎవరు మారుస్తారు?

మేం పాటించిన పద్ధతి సులువైనది. మాట మాత్రమే మారితే షరతు మెయిల్ లోపల. వేళ మారినా, మెయిళ్ల సంఖ్య మారినా, అసలు పంపకూడదన్నా దారి చీల్చాలి. అలా చూస్తే సంక్రాంతి మెయిళ్ల మొత్తానికి మూడు దారులే మిగిలాయి.

మెయిల్ లోపల పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. అన్ని పేరాలనూ మెయిల్‌లో ఉంచేసి, అక్కర్లేనివాటిని కనబడకుండా దాచే డిజైన్లు కొన్ని ఉన్నాయి. వాటిని వాడొద్దు. జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరిస్తుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు తీసుకుంటే, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకూ, పొల్లుకూ విడిగా మూడేసి బైట్లు పడతాయి. అంటే తెలుగు మెయిల్ మనం అనుకున్నదానికంటే చాలా త్వరగా బరువెక్కుతుంది. కత్తిరింపుకు మొదట పోయేది అట్టడుగున ఉండే అన్‌సబ్‌స్క్రయిబ్ (ఇక మెయిళ్లు వద్దని చెప్పే) లింకు. అది కనబడనివారు ఏం చేస్తారు? స్పామ్ అని నొక్కుతారు. షరతు సర్వర్‌లోనే తేలిపోయి, ఎంచుకున్న పేరా ఒక్కటే మెయిల్‌లోకి రావాలి.

‘మరియు’, ‘లేదా’ కలిసినప్పుడు బ్రాకెట్లు తప్పనిసరి. పాత సెటప్‌లో ఒక షరతు ఇలా ఉంది: అమెరికా లేదా కెనడా మరియు పెళ్లి ఆర్డరు కాదు. రాసినవారి ఉద్దేశం స్పష్టమే, ఈ రెండు దేశాలవాళ్లలో పెళ్లికి తీసుకున్నవాళ్లను వదిలేయాలని. కానీ చాలా టూల్స్ ‘మరియు’ను ముందు లెక్కేస్తాయి. అప్పుడు పెళ్లి ఆర్డరు కాదన్న నియమం కెనడాకే వర్తిస్తుంది, అమెరికావాళ్లందరూ లోపలికి వచ్చేస్తారు. పెళ్లికి వందల్లో తీసుకున్నవారికి రెండు వారాలు తిరక్కుండా ‘మీకు మళ్లీ తినాలనిపించడం లేదా?’ అని వెళ్లిందంటే కారణం ఇదే. ‘అమెరికా లేదా కెనడా’ను ఒక గుంపుగా కట్టి, దాని బయట ‘మరియు’ పెడితే సరిపోయింది.

నోటు పుస్తకంలో ఉన్న ఆర్డరు

బుట్టలో వదిలేసినవారికి గుర్తుచేసే మెయిల్ గురించి ఎక్కడ చదివినా గంటలో పంపమంటారు. మన దగ్గర అది పనికిరాదు. విదేశీ కార్డు మన పేమెంట్ గేట్‌వేలో ఒక్కోసారి తిరస్కరణకు గురవుతుంది. కొనేవారు విసిగి దుకాణానికి వాట్సాప్ చేస్తారు. “తమ్ముడు యూపీఐ చేస్తాడండి” అంటారు. డబ్బు వచ్చేస్తుంది, ఆర్డరు నోటు పుస్తకంలో పడుతుంది, బాక్స్ సర్దుతున్నారు. టూల్‌కు మాత్రం ఆ మనిషి ఇంకా కొనని మనిషే. ‘మీ బుట్ట ఎదురుచూస్తోంది’ అని మెయిల్ వెళ్తుంది. డబ్బు కట్టిన మనిషికి అది చదివితే టెన్షనే కదా: కట్టిన డబ్బు చేరలేదా?

షరతు తన ముందున్న డేటానే చూడగలదు. నోటు పుస్తకంలో ఉన్నది దానికి కనబడదు. అందుకని రెండు పనులు చేశాం. రోజూ కొట్టు కట్టేముందు ఫోన్ ఆర్డర్లన్నీ ఒక షీటులోకి ఎక్కించడం అలవాటు చేయించాం, కొన్నవారి మెయిల్ ఐడీతో సహా. ఆ షీటు రాత్రికి టూల్‌లోకి వెళ్తుంది. రెండోది, గుర్తుచేసే మెయిల్‌ను మర్నాటికి జరిపాం. పంపే క్షణానికి ముందు మళ్లీ ఒక ప్రశ్న: ఈలోగా ఏ దారిలోనైనా కొన్నారా? అవునంటే బయటికి. ఇది ఒక్క బుట్ట మెయిల్‌కే కాదు, ప్రతి వరుసలో (ఒకదాని తర్వాత ఒకటి తనంతట తానే వెళ్లే మెయిళ్ల గుంపులో) ప్రతి మెయిల్ ముందూ పెట్టాం. వరుసలోకి వచ్చేటప్పుడు ఒకసారి చూసి ఊరుకుంటే చాలదు, మనిషి ఆ తర్వాత మారతాడు.

టూల్ ఎంత గొప్పదైనా ఈ షీటు నింపే పని ఎవరో ఒకరు రోజూ చేయాల్సిందే. ఇక్కడ ఆ బాధ్యత యజమాని కోడలు తీసుకున్నారు. ఆవిడ శ్రద్ధ లేకపోతే మిగతాదంతా వృథా అని నేను నిజంగా నమ్ముతున్నాను.

‘ఈ ఏడాది మాకు పండగ లేదండి’

పాత జవాబుల్లో ఒకటి నన్ను చాలాసేపు ఆపేసింది. సంక్రాంతి మెయిల్‌కు ఒకావిడ రెండు ముక్కల్లో జవాబు రాశారు. అమ్మ పోయారు, ఈ ఏడాది మాకు పండగ లేదండి, అని. కోపం లేదు, ఆపమని అడగలేదు, సంగతి చెప్పారంతే. ఆ తర్వాత కూడా ఆవిడకు ఉగాది మెయిల్ వెళ్లింది. ‘అమ్మకు తీపి కబురు పంపండి’ అన్న పాత శీర్షికతోనే.

మన ఇళ్లలో ఏటి సూతకం ఉంటే సంవత్సరీకం దాకా పండుగ చేసుకోరు. ఇది మన సరుకు కొనేవాళ్లందరికీ తెలిసిన విషయం, ఏ టూల్‌లోనూ లేని గడి. అన్‌సబ్‌స్క్రయిబ్ దీనికి సరైన జవాబు కాదు. వాళ్లకు దుకాణం అక్కర్లేదని కాదు, ఈ ఏడాది వద్దు, అంతే. బ్రిటన్‌లో బ్లూమ్ అండ్ వైల్డ్ అనే పూల కంపెనీ 2019లో మదర్స్ డే మెయిళ్లు వద్దనుకునేవారు వాటిని మాత్రమే ఆపుకునే వీలు ఇచ్చింది. మనకు కావలసింది దానికంటే కొంచెం వేరు. ఒక్క పండుగ కాదు, ఏడాదిలోని పండుగలన్నీ.

ప్రతి పండుగ మెయిల్ కింద ఒక వాక్యం చేర్చాం: “ఈ ఏడాది మీ ఇంట్లో పండుగ లేకపోతే ఇక్కడ నొక్కండి, పండుగ మెయిళ్లు ఆపుతాం.” కారణం అడగం. నొక్కిన రోజు నుంచి ఒక ‘విరామం’ తేదీ ఆ మనిషి పేరు మీద పడుతుంది, పండుగ వరుసలన్నీ మొదట ఆ తేదీనే చూస్తాయి. ఆ తేదీ ఎంత దూరం ఉండాలన్న దగ్గర కాసేపు ఆలోచించాం. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది. అధిక మాసం వచ్చిన ఏడాదికి పదమూడు చాంద్రమాన నెలలు, అంటే దాదాపు 384 రోజులు. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. అందుకే 365 కాకుండా 390 రోజులు పెట్టాం. గడువు తీరాక ‘మళ్లీ స్వాగతం’ లాంటిదేదీ పంపం. తర్వాతి పండుగకు అందరితో పాటే మామూలుగా వెళ్తుంది.

దీంతో పాటు మెయిళ్లలోని బంధుత్వాలన్నీ తీసేశాం. అందుకునేది అమ్మో, అత్తగారో, ఇంకెవరో మనకు నిజంగా తెలియదు. అవతల మనిషి ఉన్నారో లేరో కూడా తెలియదు. ‘అమ్మకు పంపి చాలా రోజులైంది’ బదులు ‘హైదరాబాద్ చిరునామాకు మళ్లీ పంపాలా?’ అని ఉంటుంది. దాని పక్కనే ఈ చిరునామాను తీసేసే లింకు.

షుగర్‌ఫ్రీ రకం విషయంలోనూ ఇదే పాటించాం. అది కొన్నవారికి తర్వాతి మెయిల్‌లో షుగర్‌ఫ్రీ రకాలు పైన కనబడతాయి, అంతవరకే. ‘మధుమేహం ఉన్న మీకు’ అన్న మాట ఎక్కడా రాయకూడదు. కొన్నదాన్ని బట్టి వరస మార్చొచ్చు, ఒంట్లో ఏముందో మనం ఊహించినది వారి మొహం మీద చెప్పకూడదు.

ఓపెన్‌ను నమ్మొద్దు, క్లిక్‌ను అనుమానించండి

‘తెరిచారా? లేదంటే మూడు రోజులకు మళ్లీ పంపు’ అన్న షరతు ప్రతి టూల్‌లోనూ రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఇక్కడ దాన్ని పూర్తిగా తీసేశాం. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ప్రైవసీ రక్షణ తెచ్చింది. దాన్ని ఆన్ చేసుకున్నవారి మెయిళ్లలోని బొమ్మలను మనిషి చూడకముందే ఆపిల్ సర్వర్లు తెచ్చి పెట్టేస్తాయి. బొమ్మ తెరుచుకోవడాన్ని బట్టే టూల్ లెక్కేస్తుంది కాబట్టి, దానికి అది ‘తెరిచారు’ అని కనబడుతుంది. విదేశాల్లో ఉన్న మనవాళ్ల చేతుల్లో ఐఫోన్లు ఎన్నో అందరికీ తెలుసు. చూడనివారు చూసినవారి దారిలో పడిపోతే షరతుకు అర్థమే లేదు.

క్లిక్ కొంత మెరుగు, కానీ దానికీ ఒక చిక్కుంది. ఆఫీసు మెయిల్ ఐడీ ఇచ్చేవాళ్లు చాలామంది. అక్కడి భద్రతా సాఫ్ట్‌వేర్ మెయిల్ చేరగానే అందులోని లింకులన్నీ తనే తెరిచి చూస్తుంది. పైన చెప్పిన పండుగ విరామం లింకు కూడా అందులో ఉంటుంది కదా! మనిషి నొక్కకుండానే అతని పండుగలన్నీ ఆగిపోతాయి. అందుకే ఆ లింకు నేరుగా విరామం పెట్టదు. ఒక పేజీ తెరుచుకుని, అందులో ‘ఆపండి’ బటన్ నొక్కితేనే నమోదవుతుంది. మెయిల్ యాప్ పైభాగంలో కనిపించే ఒక్క నొక్కు అన్‌సబ్‌స్క్రయిబ్‌కు 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8058 అనే ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణం కూడా ఇలాంటి భయంతోనే వచ్చింది. లింకును ఊరికే తెరిచినంత మాత్రాన పేరు తీసేయకుండా ఉండేలా దాన్ని రాశారు.

ముఖ్యమైన దారులన్నీ ఇప్పుడు ఆర్డరు మీద, జవాబు మీద, మనిషి స్వయంగా ఎంచుకున్న దాని మీద ఆధారపడతాయి. అవి తక్కువగా వస్తాయి, కానీ అబద్ధం చెప్పవు.

జీమెయిల్, యాహూలు మెయిళ్లు పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి పెట్టిన నియమాలను ఇక్కడే పాటించేశాం. వాటిలో కొన్ని రోజుకు 5,000 దాటి పంపేవారికే వర్తిస్తాయి, ఈ దుకాణం అంత పంపదు. అయినా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మన నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాట్లు) మూడూ పెట్టాం. పాత జీమెయిల్ చిరునామా నుంచి కాకుండా సొంత డొమైన్ నుంచి పంపుతున్నాం. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్నది జీమెయిల్ గీత. చిన్న లిస్టుకు అది మరీ దగ్గర: వెయ్యి మందికి పంపితే ముగ్గురు నొక్కితే చాలు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి ఇచ్చినంత తేలికగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలంటుంది.

పేరు గడి

‘ఫస్ట్ నేమ్’ గడిని నమ్మి ‘గారూ’ చేరిస్తే మనవాళ్ల విషయంలో ఏమవుతుందో చూడండి. కొందరు అక్కడ ఇంటిపేరు రాస్తారు, కొందరు ఒక్క అక్షరం. ‘కె. గారూ నమస్తే’ అని వెళ్తుంది. కాబట్టి ఆ గడి ఖాళీగా ఉన్నా, మూడు అక్షరాల లోపు ఉన్నా, చుక్క ఉన్నా ‘నమస్తే అండీ’ అని మొదలవుతుంది. మెయిల్ తెలుగులోనా ఇంగ్లిష్‌లోనా అన్నది ఆర్డరు పెట్టేటప్పుడే అడుగుతాం. పేరు చూసి ఊహించం. అడిగినా చెప్పనివారికి తెలుగు పలకరింపు, ఇంగ్లిష్ సంగతి.

అమెరికా పార్సిళ్లు ఆగినప్పుడు

కట్టినదానికి నిజమైన పరీక్ష 2025 ఆగస్టులో వచ్చింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికా ఇస్తూ వచ్చిన సుంకం మినహాయింపు ఆగస్టు 29 నుంచి పోయింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అమెరికాకు సరుకు పార్సిళ్లు ఆపింది. వినాయక చవితి 27న. అక్టోబరు 15న సేవ మళ్లీ మొదలయ్యేసరికి దసరా వెళ్లిపోయింది, దీపావళికి అయిదు రోజులే ఉంది.

ఏ దేశానికి పంపగలం, ఏ తేదీలోపు ఆర్డరు పెట్టాలి అన్నది ప్రతి మెయిల్‌లో విడిగా రాయకుండా ముందే ఒక ఉమ్మడి పట్టికలో పెట్టి ఉంచాం. మెయిళ్లన్నీ పంపే ముందు ఆ పట్టికనే చూస్తాయి. అమెరికా వరుసలో ఒక్క గడి ‘ఆగింది’ అని మార్చగానే అన్ని మెయిళ్లూ మారాయి. అమెరికా చిరునామాకు తెప్పించుకునేవారికి పండుగ అమ్మకపు మెయిల్ ఆగి, సంగతి వివరించే మెయిల్ ఒకటి వెళ్లింది. వాళ్లలో ఇంతకుముందు ఎప్పుడైనా ఇండియా చిరునామాకు పంపినవారు ఉంటే, ఆ చిరునామాకు పంపొచ్చన్న పేరా అదనంగా చేరింది. ఎప్పుడూ పంపనివారికి ఆ పేరా లేదు. డల్లాస్ నుంచి కూకట్‌పల్లికి పంపే కొడుక్కి అసలు ఏ తేడా తెలియలేదు. తెలియక్కర్లేదు కూడా, అతను పంపే చిరునామా ఇండియాదే. దేశం గడి ఒక్కటే ఉన్న రోజుల్లో అతనికి కూడా ‘పంపలేం’ అని వెళ్లి ఉండేది.

తేదీల గురించి ఇంకొక్క మాట. మెయిల్ వెళ్లిపోయాక దాని లోపలి మాట మారదు, కానీ చదివేవారు రెండు రోజుల తర్వాత తెరవొచ్చు. అందుకే ‘ఇంకా రెండు రోజులే’ అని ఎక్కడా రాయం. ‘జనవరి 8 సాయంత్రంలోపు ఆర్డరు పెడితే భోగికి చేరుతుంది’ అని తేదీతో రాస్తాం. ఎప్పుడు తెరిచినా ఆ వాక్యం నిజంగానే ఉంటుంది.

ఎలా పరీక్షించాం, ఏం మారింది

తప్పు దారి పట్టే మనుషులను ముందే ఊహించి, అలాంటి ఉత్తుత్తి ఖాతాలు చేసుకున్నాం. పేరు లేని మనిషి, రెండు దేశాల మనిషి, పెళ్లి ఆర్డరు మనిషి, విరామంలో ఉన్న మనిషి, ఏ గడీ నింపని మనిషి. చివరి మనిషే అందరికంటే ముఖ్యం. ప్రతి షరతులోనూ ‘లేదంటే’ వైపు వెళ్లేది అతనే, పాత లిస్టులో ఎక్కువమంది అలాంటివారే. ‘లేదంటే’ దారిలోని మెయిల్‌ను అన్నిటికంటే ముందు రాయమని నా సలహా. అది ఒక్కటే చదివినా మర్యాదగా, పూర్తిగా ఉండాలి. ఏ మార్పు చేసినా ఈ ఖాతాలన్నిటికీ ఒకసారి పంపి చూస్తారు.

సంక్రాంతి గడిచాక లెక్క చూసుకుంటే, పంపిన మెయిళ్లు అంతకుముందు ఏడాదికంటే బాగా తగ్గాయి. పాతవారి నుంచి మళ్లీ వచ్చిన ఆర్డర్లు పెరిగాయి. ‘ఇంకా అందనేలేదు, మళ్లీ కొనమంటారేంటి’ తరహా జవాబులు ఆగాయి. పండుగ విరామం నొక్కినవారు కొద్దిమందే. వాళ్లలో ఒకరు ఏడాది తర్వాత రాసి, కారణం అడక్కుండా ఆపినందుకు కృతజ్ఞతలు చెప్పి, అబ్బాయి పెళ్లికి ఆర్డరు గురించి అడిగారు.

ఇప్పుడు ఆషాఢ సారె మీద పని జరుగుతోంది. కొత్తగా పెళ్లయినవారింటికి వెళ్లే పెద్ద ఆర్డర్లు ఇవి. రేకు తీసేది ఆడవాళ్లు, పొయ్యి ముందు కూర్చుని ఒక్కొక్కటిగా. రోజుకు ఇన్నే అని ఒక హద్దు ఉంటుంది. పెద్ద ఆర్డరుకు మెయిల్ వరుస ‘తప్పకుండా పంపుతాం’ అని తనంతట తాను మాటివ్వకూడదు. బాక్సుల సంఖ్య ఒక హద్దు దాటితే ఆ మనిషి వరుసలన్నిటి నుంచి బయటికి వచ్చి, పేరు యజమాని ఫోన్‌కు వెళ్లేలా కడుతున్నాం. “ఆయ్, అదే మంచిదండి. నేనే మాట్లాడతాను” అన్నారాయన. ఆ హద్దు ఎంతో తేల్చడానికి ఈ వారం రేకులు తీసే ఆడవాళ్లతో కూర్చుంటున్నాం.